చెట్టుకు పునాది, మండపానికి జబ్బు

చెట్టును కాపాడతానని బయలుదేరి, దానికి మరణశిక్ష వేయించి, పైగా చప్పట్లు కొట్టించుకుని ఇంటికొచ్చిన కౌన్సిలర్ని మీరెక్కడైనా చూశారా? చూడలేదా? అయితే నన్ను చూడండి. తీరిగ్గా నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

రాయచోటి రోడ్డులో మాదొక చిన్న మున్సిపాలిటీ. టైలరింగ్ షాపు నడుపుకునే నన్ను మా వార్డు ఆడవాళ్ళు పట్టుబట్టి గెలిపించారు. చాలా ఊళ్ళలో భార్య గెలిస్తే భర్త కుర్చీలో కూర్చుంటాడు కదా, ఆ పప్పులు నా దగ్గర ఉడకవని మొదటి మీటింగు రోజే మా ఆయనకు తేల్చి చెప్పాను.

"తోడు రానా సరోజా? నీకు కొత్త కదా," అన్నాడాయన.

"అక్కర్లేదు. నాకు నోరుండాది."

నోరుంది, నిజమే. చెవుల సంగతి ఆయనా అడగలేదు, నేనూ ఆలోచించలేదు.

ఆ రోజు తేలాల్సినవి రెండు విషయాలు. మొదటిది, మా వీధి వేపచెట్టు. ఆ ఏడాది వేపచెట్లకు తెగులు తగిలి కొమ్మలు చివర్ల నుంచి మాడిపోతున్నాయి. ఎండిన వాటిని కొట్టేయాలని ఆఫీసు వాళ్ళ ప్రతిపాదన. మా చెట్టు కిందే మరియమ్మక్క ఉగ్గాని, బజ్జీ అమ్ముకుంటుంది. చెట్టు పోతే ఆమె పొయ్యి ఎండలో పడుతుంది. రెండోది, ఓబుల్రెడ్డి కల్యాణ మండపం. ఆయన వదలాల్సిన జాగా వదలకుండా రోడ్డు మీదకి కట్టి, ఇప్పుడు నిబంధన సడలించమని అర్జీ పెట్టుకున్నాడు. చెట్టును నిలబెట్టాలి, మండపాన్ని కొట్టించాలి. ఇదీ నా పథకం.

మీటింగు మొదలయ్యే వేళకు నేను వరండాలో ఫోనులో మా ఆయనకు గొప్పలు చెప్పుకుంటున్నాను. ప్లానింగ్ ఆఫీసరుకు వేరే పని ఉందని మండపం విషయాన్నే మొదట తీసుకున్నారట. ఆ సంగతి లోపల ఉన్నవాళ్ళందరికీ తెలుసు. నేను లోపల లేనుగా!

నేను అడుగుపెట్టేసరికి చైర్మన్ గారు మైకులో మాట్లాడుతున్నారు. ఆ మైకు పీపాలో కూర్చుని దగ్గినట్టుంది. నాకు వినిపించింది చివరి ముక్కే: "...రోడ్డు మీదికి వచ్చిండాది. ఉంచల్లనా, కొట్టేయల్లనా?"

ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. ఆత్రగత్తెకు అది కూడా ఉండదు. లేచాను.

"రెండడుగులు రోడ్డు మీదికి వస్తే కొట్టేస్తారా సార్? దాని నీడన ఎంతమంది కూర్చోని కడుపు నింపుకున్నారు! ఏందో జబ్బు అంటాండారు. మందు కొడితే పోతాది!"

"జబ్బా?" అన్నారు చైర్మన్.

"చెదల గురించేమో సార్," అన్నాడు ప్లానింగ్ ఆఫీసరు.

హాలంతా చప్పట్లు. వెనక బెంచీలో ఓబుల్రెడ్డి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. చెట్టు మీద ఈ మనిషికి ఇంత ప్రేమ ఉందా అని నా గుండె కరిగింది. అయినా ధర్మం ధర్మమే కదా, మండపాన్ని మాత్రం వదిలేది లేదు!

మైకు మళ్ళీ దగ్గింది. "రెండోది, తొలగింపు. ఎవరికన్నా అభ్యంతరముంటే చెప్పండి."

"ఎవురికీ లేదు సార్! పునాదులతో సహా పీకేయండి!"

"పునాదులా?"

"వేర్లు అని అమ్మ ఉద్దేశం సార్," అన్నాడు ఇంకొక ఆఫీసరు. ఆ మాటతోనైనా నా బుర్ర వెలగాలి. వెలగలేదు. 'పునాదిని ఆఫీసు భాషలో వేరంటారు కాబోలు' అని సరిపెట్టుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆయనతో, "రెండూ గెలిచినా!" అన్నాను. కాఫీ కూడా ఆయన చేతే పెట్టించుకున్నాను. ఆ గ్లాసు దించకముందే ఓబుల్రెడ్డి పూలదండతో, మిఠాయి పెట్టెతో గుమ్మంలోకి వచ్చాడు.

"అక్కా, నా మండపాన్ని బతికిస్తివి! సొంత తమ్ముడు కూడా అట్ల మాట్లాడడు."

"మండపమా? నేను మాట్లాడింది చెట్టు గురించప్పా!"

"చెట్టును పీకేయమంటివి కదక్కా. పొద్దున్నే వస్తాండారు రంపాలేసుకోని."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కలేదండీ, అందులో పీట వేసుకుని కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంగతంతా చెప్పేశాను. మండపం కొట్టించాలని వెళ్ళిన మాట కూడా దాచలేదు. కోప్పడతాడనుకుంటే, ఓబుల్రెడ్డి పొట్ట పట్టుకుని నవ్వాడు. మా ఆయన వంటింట్లోకి వెళ్ళి నవ్వాడు. భార్య అంటే ఆ మాత్రం గౌరవం ఉంది మరి.

"గమ్మునుండక్కా. నీ చెట్టు సంగతి నేను చూస్తా," అన్నాడు ఓబుల్రెడ్డి.

తెల్లారి రంపాలవాళ్ళు వచ్చేసరికి చెట్టు మొదలుకు ఆనుకుని ఆయన షామియానాల లారీ అడ్డంగా నిలబడి ఉంది.

"లారీ తీయప్పా," అన్నారు వాళ్ళు.

"డ్రైవరు మంత్రాలయం పోయినాడు. తాళం వానికాడే ఉండాది," అన్నాడు ఓబుల్రెడ్డి. ఆ డ్రైవరు పక్కనే మరియమ్మక్క దగ్గర రెండో ప్లేటు ఉగ్గాని తింటున్నాడు.

నేను కమిషనర్ గారి దగ్గరకు పరిగెత్తాను. "నిన్న మీరే కదమ్మా వేర్లతో సహా అన్నారు?" అన్నారాయన. సిగ్గు చంపుకుని మొత్తం చెప్పాను. ఆయన నవ్వాపుకోలేక పక్కకు తిరిగి, కొట్టివేత ఆపించి, ఉద్యానశాఖ అధికారిని పంపించారు. ఆ అధికారి చెట్టు గీకి చూసి, "లోపల పచ్చిగానే ఉంది. ఎండిన కొమ్మలు కత్తిరించి మందు కొడితే చాలు," అన్నాడు. తరువాతి మీటింగులో రెండు తీర్మానాలూ సరిదిద్దారు. రోడ్డు మీదకొచ్చిన మెట్లను ఓబుల్రెడ్డి తానే కొట్టించుకున్నాడు. మిగతా మండపం నిలిచింది. వానలకు వేప చిగురేసింది, మరియమ్మక్క బజ్జీలకు నీడ తిరిగొచ్చింది.

అంతా సుఖాంతమే అనుకుంటూ ఒక ఉదయం వీధిలోకి వచ్చానా, నా నిలువెత్తు ఫోటోతో ఫ్లెక్సీ! "మా మండపం జబ్బు నయం చేసిన సరోజక్కకు వందనాలు" అని కింద రాయించాడు మహానుభావుడు. దాన్ని కట్టడానికి ఊరంతటిలో ఆయనకు దొరికింది మా వేపచెట్టే.

ఆ ఫ్లెక్సీ కిందే నిలబడి, మరియమ్మక్క బాణలి సాక్షిగా ఒట్టేసుకున్నాను: దేని గురించో కనుక్కోకుండా ఈ జన్మలో మళ్ళీ నోరు విప్పను! అందుకే ఈ రోజుకీ భోజనాల దగ్గర మా ఆయన గరిటె పట్టుకుని "కొంచెం వేయనా?" అంటే, ఏమిటో చెప్పేదాకా నేను ఔననను, కాదనను.