మచ్చ కనపడని గుండె

మా పుంగనూరులో మే నెల ఎండల్లో కుట్టు మిషన్ ముందు కూర్చున్నదాన్ని, ఒక్కసారిగా చలి పుట్టి వణికాను. సగం కుట్టిన జాకెట్ అట్లాగే వదిలేసి దుప్పటి కప్పుకున్నాను.

వీధి డాక్టర్ టైఫాయిడ్ అన్నాడు. మాత్రలు వాడితే తగ్గేది, అయిపోగానే మళ్ళీ వచ్చేది. వేసవి పోయి వానలొచ్చేసరికి సగం మనిషినయ్యాను. "పనుండే రోజే సూసి వస్తాండాది జ్వరం" అంది మా అత్త. ఆ మాట నేను మర్చిపోను.

మదనపల్లె ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఇంతకుముందు ఆపరేషన్ ఏమైనా అయిందా?"

"ఏం కాలేదు మేడమ్" అన్నాడు మా ఆయన రెడ్డెప్ప. నేనూ తలూపాను.

మేం అబద్ధమాడలేదు. పెళ్ళయిన కొత్తలో నా గుండెలో రంధ్రం ఉందని తేలింది. తొడ దగ్గర నరంలోంచి డివైస్ అనే చిన్న లోహపు బిళ్ళ పంపి మూశారు. "ఆపరేషన్ కాదమ్మా, కోత లేదు, కుట్టు లేదు. ఇక నువ్వు నార్మల్" అన్నాడు అప్పటి డాక్టర్. ఆ మాటనే నమ్ముకున్నాం. డాక్టరమ్మ ఇంకో యాంటీబయాటిక్ రాసి పంపింది.

ఆయాసం మొదలయ్యాక కుప్పంలో ఉన్న మా అమ్మ దగ్గరికి చేరాను. అక్కడి డాక్టర్ గుండెకు ఎకో స్కాన్ తీస్తూ ఆగిపోయాడు. "ఈ డివైస్ ఎప్పుడు పెట్టారు?"

"అదెప్పుడో మూసేసినారు కదప్పా, ఇప్పుడు దాని మాట యాల?" అంది అమ్మ.

"దాని మీదే ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టుందమ్మా. వెంటనే బెంగళూరు తీసుకుపోండి."

రైల్లో పోయాం. గొంతులోంచి గొట్టం దింపి గుండెను చూసి, డివైస్ మీద వెజిటేషన్, అంటే క్రిములు పేరుకున్న గడ్డ, ఉందన్నారు. రక్తంలో ఏ క్రిమి ఉందో పెంచి చూసే బ్లడ్ కల్చర్‌లో ఏదీ పెరగలేదు. అన్ని యాంటీబయాటిక్స్ మింగి వచ్చాక ఏం దొరుకుతుందని సర్జన్ విసుక్కున్నాడు. ఇన్నేళ్ళకు ఎట్లా వచ్చిందని అడిగితే, "అరుదు, కానీ వస్తుంది" అన్నాడు. ఆ ముక్క మొదట్లోనే చెప్పుంటే వాళ్ళ నోటి ముత్యాలేమైనా రాలిపోయేవా? నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

రొమ్ము ఎముక కోసి డివైస్ తీసేశారు. రంధ్రాన్ని ప్యాచ్‌తో కుట్టారు. వారాల తరబడి చేతికి సూదితో ఆసుపత్రిలోనే పడున్నాను.

ఇప్పుడు మళ్ళీ కుడుతున్నాను, కాసేపటికే అలిసిపోతాను. ఊరందరికీ లోతు మెడ జాకెట్లు, నాకు మాత్రం గొంతు దాకా.

డివైస్ ఉన్నవాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఆపరేషన్ అయిందా అని డాక్టర్ అడిగేదాకా ఆగొద్దు. జ్వరమొచ్చినా, పన్ను పీకించుకోబోయినా, నా గుండెలో డివైస్ ఉందని ముందే చెప్పండి. జ్వరం విడవకపోతే, యాంటీబయాటిక్ వేసుకోకముందే బ్లడ్ కల్చర్ సంగతి అడగండి.

నన్నయితే ఇప్పుడు ఏ డాక్టరూ ఆ ప్రశ్న అడగడం లేదు. స్టెతస్కోప్ పెట్టబోతేనే మచ్చ కనిపిస్తుంది.