అక్క పుట్టించిన దేవత

మా అక్క ఒక దేవతను పుట్టించింది. మాటవరసకు అంటున్నానని అనుకోకండి. ఎనభైల మొదట్లో, జహీరాబాద్‌లో మా ఇంటి వెనక గదిలో, షాబాద్ బండల మీద సుద్దముక్కతో ఒక రాజ్యం గీసి, చింతగింజలను మనుషులుగా నిలబెట్టి, గవ్వలు వేసి ఆడేవాళ్లం. ఆ రాజ్యానికి కొండలు, వాగులు, మాంత్రికులు అన్నీ అక్కే సమకూర్చింది. చివరికి ఒక దేవత కూడా కావాల్సి వచ్చింది.

దేవత ఊరికే మహిమలిస్తే ఆటలో పస ఉండదంది అక్క. మా నానమ్మ కాశీకి పోయినప్పుడు, ప్రాణంగా తినే జామపండును అక్కడ వదిలేసి వచ్చింది. కోహీర్ నుంచి గంపలకొద్దీ వచ్చినా ముట్టేది కాదు. అక్క ఆ నియమాన్నే ఎత్తుకొచ్చి ఆటలో పెట్టింది. చావబోయేవాణ్ని బతికించే శక్తి కావాలంటే, అడిగినవాళ్లు తమకు అన్నిటికన్నా ఇష్టమైనది దేవతకు వదిలెయ్యాలి. ఏం వదిలిందీ ఎవరికీ చెప్పకూడదు. మళ్లీ దాన్ని ముట్టుకుంటే బతికినవాడు పోతాడు. అంత కచ్చితమైన దేవత మా వాడలో ఇంకొకతె లేదు!

ఆ ఏడు వానాకాలంలో అక్కకు టైఫాయిడ్ వచ్చింది. ఇక్కడి దవాఖానలో తగ్గక హైదరాబాద్ తీసుకుపోయారు. పోయే ముందు అమ్మ పోచమ్మకు ముడుపు కట్టింది. పక్కింటి చాచీ దర్గాలో చాదర్ కప్పిస్తానని మొక్కుకుంది. అక్క దక్కదేమోనని నానమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను. భయంతో నాకు అన్నం సయించలేదు. అందరి దేవుళ్లకూ మొక్కేవాళ్లున్నారు, మా దేవతకు నేనొక్కదాన్నే. వెనక గదిలోకి పోయి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆమెకు వదిలేశాను. అది ఆ ఆటే. నవ్వేవాళ్లు నవ్వండి.

అక్క తిరిగొచ్చింది. జుట్టంతా రాలిపోయింది, చేతులు పుల్లల్లా అయిపోయాయి. గడప దాటుతూనే నా చెయ్యి పట్టుకుంది. దవాఖాన మంచం మీద పడుకుని మన రాజ్యానికి కొత్త దీవులు ఆలోచించిందట, వాటికి పేర్లు కూడా పెట్టిందట. అవన్నీ బండల మీద గీసి, గవ్వలు నా ముందు పెట్టింది. నేను ఆడనన్నాను. రోజూ పిలిచేది, నేను రోజూ ఏదో సాకు చెప్పేదాన్ని. చివరికి నా మీద అలిగి, నా పందెం కూడా తనే వేసుకుంటూ ఒక్కతే ఆడటం మొదలుపెట్టింది. నేను తలుపు దగ్గర నిలబడి చూసేదాన్ని.

ఒకనాడు గవ్వలు పట్టుకున్న అక్క చెయ్యి అలాగే ఆగిపోయింది. నా వైపు చూసింది. తను పెట్టిన నియమం తనకు తెలియదా?

"దేవికి ఏమిడ్సిపెట్టినవే?" అంది మెల్లగా.

చెప్పకూడదు కదా. నోరు మూసుకుని ఏడ్చాను.

"పిచ్చిదానా, ఆమె లేదే. నేనే చేసిన గద ఆమెను. రా, కూసో."

"ఉంటే?" అన్నాను.

అక్క గవ్వలు డబ్బాలో వేసి, తడిగుడ్డ తెచ్చి, దీవులన్నీ తన చేత్తోనే తుడిచేసింది.