స్పానిష్ వాళ్ళ పుస్తకంతో శుక్రవారం పాఠం

నన్ను ఇంగ్లీషు చెప్పమని ఎవడు ఏడ్చాడు! ఆ శుక్రవారాలు తలుచుకుంటే ఇప్పటికీ నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

తొంభైల మొదట్లో గల్ఫ్‌లో, రుసైల్ అనే చోట ఒక గోదాముకు స్టోర్‌కీపర్ని. పని ముగించుకుని వెళ్ళిపోయిన స్పెయిన్ ఇంజనీరు ఒక వ్యాకరణం పుస్తకం వదిలేశాడు. స్పానిష్ వాళ్ళు ఇంగ్లీషు నేర్చుకోవడానికి రాసింది. అందులో సగం నాకే అర్థం కాదు. అయినా నా రూమ్‌లో ఉండే నిజామాబాద్ వైపు కుర్రాడికి శుక్రవారం సెలవు పూట దానితోనే పాఠం చెప్పేవాణ్ణి. మూటలు మోసే పని నుంచి బయటపడాలని వాడి పట్టుదల. ఏ భాషలోనూ అక్షరం రాదు, అంతా చెవితోనే పట్టేవాడు.

ఆ రోజు ఊహించి చెప్పే పాఠం. గుర్తులు చూసి గట్టిగా తేలిస్తే ‘మస్ట్ బి’. అనుమానంగా ఉంటే ‘మైట్ బి’. అసలు కుదరదనుకుంటే ‘కాంట్ బి’.

“వంటాయన చెప్పులు బయటున్నాయి. అంటే లోపలే ఉండుంటాడు. మస్ట్ బి,” అన్నాను.

వాడు తలూపి, ఇంటి నుంచి వచ్చిన క్యాసెట్ పెట్టాడు. రాయడం రానివాళ్ళు అప్పట్లో మాటలు క్యాసెట్లో నింపి, వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవారు. భార్య మాట్లాడింది, అన్న మాట్లాడాడు. ఐదేళ్ళ కూతురు మాట్లాడలేదు.

“పాప పండుకున్నదేమో అన్నా. మైట్ బి?”

“ఆఁ, మైట్ బి,” అన్నాను పుస్తకంలోంచి తలెత్తకుండా.

నా పెట్టెలో బట్టల కింద వాళ్ళన్న నా పేర రాయించి పంపిన ఉత్తరం ఉంది. పాప జ్వరంతో పోయి మూడు నెలలు. సెలవుకు ఇంకా ఆరు నెలలుంది, పాస్‌పోర్టు కంపెనీ దగ్గరుంది, తెలిస్తే పిచ్చివాడైపోతాడు, చెప్పొద్దని బతిమాలాడు. ఛీ, నాదీ ఒక బతుకేనా! చచ్చిపోయిన పిల్ల మీద పాఠం చెబుతున్నాను.

వాడు టేపు ఆపాడు.

“రెండు క్యాసెట్లాయె, బిడ్డ గొంతు లేదు. ఇదివరకైతే ‘నీ బిడ్డ ఏమందిరా’ అని ముందుగాల నువ్వే అడుగుతుంటివి. మూన్నెల్ల సంది అడుగుతలేవు. నీకు ఎరుకయ్యే ఉంటది అన్నా. చెప్పు.”

మంచం కింది పెట్టె లాగి ఉత్తరం తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ నాకే ఇచ్చాడు.

చదవడం వచ్చినవాణ్ణి ఆ రూమ్‌లో నేనొక్కణ్ణే.