తాళంచెవి చెక్కిన రాయి

రాతిని కలుగజేసి, ఆ రాతి మీద తన వేలితోనే ఆజ్ఞలు రాసిన దేవునికి స్తోత్రం. ఉలి పట్టే ప్రతి ఉదయం ఆయన్ని తలుచుకోకుండా నేను మొదటి దెబ్బ వేయను. ఈ సంగతి రాయబోతే ఇప్పటికీ కోపం వస్తుంది. కోపపడినా పాపం చేయని కృప ఇమ్మని ముందే అడిగి మొదలుపెడుతున్నాను.

2023 ఎండాకాలం. బేతంచెర్ల రోడ్డు పక్కన నా రాతిచెక్కుడు షెడ్డు. సమాధి రాళ్లు, ప్రారంభోత్సవాల శిలాఫలకాలు, మెట్ల మీద దాతల పేర్లు చెక్కుతాం. ఇప్పుడు ఎక్కువగా చేసేది శాండ్ బ్లాస్టింగ్. అక్షరాలు కోసిన జిగురు షీటును రాతికి అంటించి, గాలి ఒత్తిడితో ఇసుక కొడతాం. షీటు లేనిచోట రాయి అరిగి అక్షరం పడుతుంది. పని తొందరగా అవుతుంది కానీ లోతు ఉండదు. గ్రైండర్ పెడితే ఎంతసేపూ పట్టదు, నున్నగా పోతుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

పత్తికొండ వైపు ఊరి నుంచి ఓబులేసు అనే శనక్కాయ రైతు వచ్చాడు. ఒక్క కొడుకు మద్దిలేటి సైన్యంలో నాయక్. సరిహద్దు కొండల్లో మంచు విరిగిపడి చనిపోయాడు. ఊరి కూడలిలో, పంచాయతీ జాగాలో రాయి నిలబెట్టడానికి సర్పంచు ఒప్పుకున్నాడట. ఓబులేసు చొక్కా జేబులోంచి చిన్న గుడ్డముక్క తీసి నా ముందు పెట్టాడు. నల్ల గుడ్డ మీద పసుపు దారంతో కుట్టిన తాళంచెవి.

"ఇది ఎయ్యల్ల రత్నమన్నా. నా కొడుకు భుజం మిందది."

"టోపీ మీద ఉండే గుర్తు కాదా?"

"టోపీ మిందది రెజిమెంటుదంట. ఇది డివిజనుది. డివిజనంటే శానా పెద్ద దండు. వేల మంది ఉంటారంట. లీవుకు వచ్చినప్పుడు అడిగినా, ఏందిరా ఇది, మిలిటరీలో బీగాలు ఏస్తాండావా అని. పడీపడీ నగినాడు."

కొడుకు చెప్పిందంతా ఆయన పాఠంలా అప్పజెప్పాడు. పాత యుద్ధాల్లో బండ్ల మీద దళం నంబరు రాస్తే, ఎదురుగా ఎవరు వచ్చారో శత్రువుకు తెలిసిపోయేదట. అందుకే నంబరు బదులు బొమ్మ వేశారు. తనవాళ్లు గుర్తుపట్టాలి, పగవాడికి అర్థం కాకూడదు. ఈ దండు మొదట నిలబడింది ఒక కొండదారి దగ్గర. ఆ దారి దేశానికి వాకిలి. వాకిలి మూసి తాళంచెవి మా దగ్గర పెట్టుకున్నాం అని చెప్పడానికే ఈ బొమ్మ. చెవికి మూడు పళ్లు, దండులోని మూడు బ్రిగేడ్లకు. నలుపు రాత్రి కాపలాకు.

"పండ్లు ఎప్పుడూ ముందుకే చూడల్లంట అన్నా. ఎనక్కి తిప్పితే తప్పంట," అన్నాడు.

మా సంఘంలో చిన్నప్పటి నుంచీ వింటున్న బైబిలు మాట గుర్తొచ్చింది. అరణ్యంలో దేవుని ప్రజలు ఒక్కొక్క గోత్రం తన ధ్వజం దగ్గరే గుడారం వేసుకున్నారు. ఒకరి ధ్వజాన్ని ఇంకొకరు తమ వాకిట్లో పాతుకోలేదు. భయభక్తులతో షీటు కోసి, పళ్లు ముందుకే చూసేలా ఆ గుర్తు వేశాను.

రాయి చూడటానికి సర్పంచు వచ్చాడు. పేరు చదవలేదు. మద్దిలేటి ఏ కొండ మీద పోయాడో చదవలేదు. కన్ను నేరుగా బొమ్మ మీద పడింది.

"ఏం రత్నమయ్యా, ఎవురు ఎయ్యమన్యారు ఈ బీగంచెవి?"

"వాళ్ల డివిజన్ గుర్తు సార్."

"డివిజనో, రెవిన్యూ డివిజనో! మా ఊర్లో బీగంచెవి అంటే ఒకటే. పోయిన ఎలక్షన్లో నా మింద నిలబడినోని గుర్తు. దాన్ని నడిబజార్లో నేనే రిబ్బను కత్తిరించి నిలబెట్టల్లనా? మిలిటరీ అంటే పులి ఉండల్ల, సింహం ఉండల్ల. ఇదేంది, బీరువాల అంగడి బోర్డు మాదిరి?"

"సార్, ఆ పిల్లోడు మోసిన గుర్తు..."

"అరగదీసి జెండా ఎయ్యి. లేకుంటే పంచాయతీ జాగాలో రాయి లేదు. ఏమప్పా ఓబులేసూ, ఇనపడిందా?"

ఓబులేసు తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. కారు వెళ్లిపోయాక, "తీసేయన్నా. జాగా లేకుంటే రాయి యాడ పెట్టుకునేది?" అన్నాడు.

తీయనన్నాను. ఏదో ఒక దారి ఆలోచిద్దాం, రేపు మళ్లీ రమ్మన్నాను.

మరునాడు ఆయనతో పాటు, తాళంచెవి గుర్తు మీద సర్పంచు చేతిలో ఓడిపోయినవాడూ దిగాడు. విషయం చేరిపోయినట్టుంది, ముఖం వెలిగిపోతోంది. "ఓబులేసన్నా, నా గుర్తు నీ కొడుకు భుజం మింద ఉండాదంటే దేవుడు నా పక్క ఉన్నట్టే. రాయి మా గేరిలో, మా ఇండ్ల నడుమ పెడదాం. బీగంచెవి జెండాలు కట్టి, డప్పులు కొట్టి తెద్దాం!"

నిజం చెబుతున్నాను, సర్పంచు మీద కన్నా వీడి మీద ఎక్కువ మండింది. ఒకడు చచ్చినవాడి గుర్తును తుడిచేస్తానంటాడు, ఇంకొకడు దాన్ని దొంగిలిస్తానంటాడు. దేవుని పేరును వట్టి మాటకు వాడుకోవడం అంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. నేను నోరు తెరిచేలోపే ఓబులేసు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"మీ ఓట్లు మీరు అడుక్కోండప్పా. నా కొడుకు ఎవురి ఓటూ కాదు. నా చేని గట్టు ఉండాది, రోడ్డుకు ఆనుకోనే. ఆడ పెట్టుకుంటా. నువ్వు జెండా పట్టుకోని వస్తే కట్టె తీస్తా."

వాడు నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానుకున్నాడు.

వాళ్లు పోయాక ఇసుక యంత్రం ఆపేసి ఉలి అందుకున్నాను. ఇసుకతో పడిన గుర్తును ఎవడైనా గ్రైండర్ తెచ్చి అరగదీయగలడు. అందుకని అదే గీతల వెంట లోపలికి తొలిచాను. ప్రతి దెబ్బకూ ఆ ఇద్దరి ముఖాలు కనబడ్డాయి. ప్రభువు క్షమించుగాక, దెబ్బలు మాత్రం సూటిగానే పడ్డాయి. ఇక ఆ తాళంచెవిని తీసేయాలంటే రాయినే పగలగొట్టాలి.

రాయి నిలబెట్టిన రోజు రిబ్బను లేదు, మైకు లేదు. మద్దిలేటి తల్లి సుంకులమ్మ పసుపు నీళ్లతో రాయి కడిగింది. పేరు మీద చెయ్యి ఆనించి, తర్వాత తాళంచెవి గాడిలో వేలు పెట్టింది. వేలు గోరు దాటి లోపలికి దిగింది.

"బాగా లోతుకు ఏసినావు నాయనా," అంది.

ఈ పని నాకు నేర్పింది ఇది. గుర్తు దాన్ని మోసినవాడిది. చూసినవాడిది కాదు, రిబ్బను కత్తిరించేవాడిది అసలే కాదు. అప్పటి నుంచి ఏ రాతి మీద ఏ బొమ్మ అడిగినా, దీన్ని మోసింది ఎవరని మొదట అడుగుతున్నాను.

చదువుతున్నవాళ్లారా, నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, మరణపు తాళంచెవులు నీ చేతిలోనే ఉన్నాయి. మద్దిలేటిని కన్న ఆ ఇద్దరినీ ఓదార్చు. ఇక ఆ సర్పంచు కోసం, ఆ రెండోవాడి కోసం కూడా ప్రార్థించాలి. అది ఆజ్ఞ. నాకింకా నోరు రావడం లేదు. ఆ మాట మీరు మొదలుపెట్టండి, ఆమెన్ నేను పలుకుతాను.