మూడు వేళ్ల జాగా

"మన పక్కింటి తాత పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి కుర్చీలనే ఒరిగిండు" అని బాపు ఫోన్ చేసినప్పుడు నేను కరీంనగర్‌లో, మా కాలేజీ మెట్ల మీద ఉన్నాను. ఆ మెట్లు నేను ఎక్కానంటే ఆయన రాసిన ఒక్క కాగితం వల్లనే.

హుజూరాబాద్ కోర్టుకు వెళ్లిన మీలో కొందరికి ఆయన గుర్తుండొచ్చు. రేకుల షెడ్డు కింద కూర్చుని అర్జీలు రాసేవారు. ఆదివారం చర్చికి వచ్చినా జేబులో రెండు పెన్నులు ఉండేవి. "ఒకటి నాది, ఒకటి అడిగెటోళ్లది. తీస్కున్నోళ్లు వాపస్ ఇయ్యరు" అని నవ్వేవారు.

రెండేళ్ల కిందట బాపు జమ్మికుంటలో మార్కెట్ యార్డు బయట ఒక వ్యాపారికి ఉద్దెరకు, డబ్బు తరువాత ఇచ్చే మాట మీద, పత్తి అమ్మారు. చేతికి వచ్చింది బరువు, ధర రాసిన తెల్లచీటీ ఒక్కటే. సంతకం లేదు, ముద్ర లేదు. ఆ డబ్బు వస్తేనే నా డిగ్రీ ఫీజు. పండుగకు పదివేలు ఇచ్చిన వ్యాపారి తరువాత రేపు, ఎల్లుండి అన్నాడు. చివరికి "నీ పత్తి నేనెప్పుడు కొన్న?" అనేశాడు.

లోక్ అదాలత్‌కు అర్జీ మొదట నేనే రాశాను. కొత్త మాటల మీద మోజుతో రెండు పేజీలు నింపాను. వ్యాపారిని 'రైతుల నెత్తురు తాగే రాకాసి' అన్నాను. తీసుకెళ్లి చూపిస్తే తాత కళ్లద్దాలు సర్దుకుని అంతా చదివారు.

"మస్తు రాసినవ్ మనుమరాలా. పత్తి ఎన్ని క్వింటాళ్లో యాడ రాసినవ్?"

ఎక్కడా రాయలేదు.

ఆయన తెల్ల కాగితం తీసి, ఎడమ అంచున మూడు వేళ్లు ఆనించి మడిచారు. "గిది ఫైలుకు దారం కుట్టెటోనికి. జాగ ఇడువకపోతే సూది నీ మాటల మీదికెళ్లే పోతది." తరువాత బాపును అడిగారు, "ఇప్పటిదాంక ఎంత ముట్టింది?"

బాపు నసిగారు. "పండుగకు పదివేలు. గది రాస్తే మొత్తం ఇచ్చిన అంటడేమో కాకా."

"ముట్టింది ముందుగాల రాయాలె. మనం చెప్తె నిజమైతది, వాడు చెప్తె మనం దొంగలమైతం" అని, ఒక్క పేజీలో అర్జీ తానే మళ్లీ రాశారు.

అదాలత్ రోజు తాత మా వెనుక బెంచీలో కూర్చున్నారు. వ్యాపారి తన వంతు రాగానే, "నేను వీళ్ల పత్తే కొనలే మేడమ్" అన్నాడు. బాపు తలవంచుకోవడం చూసి ఇంకా రెచ్చిపోయాడు. "నా దగ్గర పదివేలు తీస్కున్నడు, అడుగుండ్రి!"

జడ్జి మేడమ్ అర్జీలోకి చూశారు. "ఆ సంగతి వీళ్లే మొదట రాశారు. కొనని పత్తికి పదివేలు ఎందుకిచ్చారు?"

వ్యాపారి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. మిగతా డబ్బు రెండు వాయిదాల్లో ఇస్తానని సంతకం పెట్టాడు, ఇచ్చాడు కూడా. మొదటి వాయిదాతో నా ఫీజు కట్టాం.

"నీకేమియ్యాలె తాతా?" అని ఆ రోజు బయట అడిగాను.

"చాయ్ తాపియ్యి. గా రాకాసిని పారెయ్యకు, ఎప్పుడన్న కథల పనికొస్తడు."

తాతను మట్టి చేసిన రోజు చర్చివాళ్లు బోర్డు కోసం ఆయన గురించి నాలుగు మాటలు నన్ను రాయమన్నారు. 'మహనీయుడు' అని మొదలుపెట్టబోయి ఆగాను. ఆయన ఏం చేసేవారో అదే రాయాలనుకున్నాను. బోర్డుకు గుండుసూదులు చాలు, దారం అక్కర్లేదు. అయినా కాగితం ఎడమ అంచున మూడు వేళ్లు ఆనించాను. నా వేళ్లు సన్నం, ఆయన వదిలినంత జాగా రాలేదు. నాలుగో వేలు కూడా చేర్చి, మడిచాను.