మైకు ముందు మా మేనత్త

పోయిన వారం పెళ్లికని గురజాల వైపు వెళ్తుంటే, మైకు కట్టిన ఆటో ఒకటి మా బస్సుకి ఎదురొచ్చింది. సున్నపురాయి క్వారీ విస్తరణకి ప్రజాభిప్రాయ సేకరణ ఉందనీ, అందరూ తరలివచ్చి స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పాలనీ ఒక ఆడగొంతు తీయగా చదువుతోంది. ‘స్వేచ్ఛగా’ అన్న మాట దగ్గర నాకు మా మేనత్త గుర్తొచ్చింది. పక్క సీటాయన కిటికీ మూశాడు, దుమ్ముకో ఆ మాటకో తెలియదు.

మా మేనత్త ఊరు అక్కడికి దగ్గరే. మామయ్య పోయాక మిరపచేను ఒంటిచేత్తో నెట్టుకొచ్చిన మనిషి. గొంతు పెద్దది, చర్చిలో ఆమె పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు వెనకాల పరుగెత్తాల్సిందే. కొన్నేళ్ల కిందట ఆ క్వారీ మొదటిసారి వస్తుందన్నప్పుడు, ఇలాంటి సభలోనే మాట్లాడమని ఊరంతా ఆమెనే ముందుకి తోసింది. ఆమె రోజూ సాయంత్రం గేదె ముందు నిలబడి ఆ నాలుగు మాటలూ చెప్పి చూసుకునేది. “ఇదే తలూపుతుంటే ఆఫీసరు ఊపడంట్రా?” అని నవ్వేది.

సభ రోజు నేనూ వెళ్లాను. షామియానా చుట్టూ బారికేడ్లు, పోలీసులు. ముందు వరస కుర్చీల్లో మేమెన్నడూ చూడని మనుషులు పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్కరే లేచి క్వారీ రావాలి, ఉద్యోగాలు రావాలి అని అప్పజెప్పి, వెనక్కెళ్లి బిర్యానీ పొట్లం తీసుకున్నారు. ఒకడు ఊరి పేరు తప్పు పలికితే మావాళ్లు నవ్వారు. ఆ తర్వాత ఎవరికీ నవ్వు రాలేదు.

ఎండ నడినెత్తికొచ్చాక అత్త వంతు వచ్చింది. కొంగు నడుముకి దోపి మైకు పట్టుకుంది.

“అయ్యా, మా బావులెండిపోతే మేం ఎవరి గడప ఎక్కాల? మీరు రాళ్లు పేలుస్తుంటే మా గోడలు నిలబడతయ్యా? మాకొద్దు సారూ ఈ క్వారీ. కాదు కూడదు, పెట్టే తీరతామంటే, పేల్చే ముందు సైరనన్నా మోగించండి. పిల్లలు చేలల్లో తిరుగుతుంటారు.”

ఆఫీసరు నిజంగానే తలూపాడు. “మంచి మాట చెప్పావమ్మా, నమోదు చేసుకుంటాం” అని నమస్కారం కూడా పెట్టాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది.

తిరిగొస్తుంటే ఆమె చేను గట్టున ఎర్రరంగు పూసిన హద్దురాళ్లు కనపడ్డాయి. పొద్దున లేవు. చుట్టూ తవ్విన మట్టి ఇంకా తడిగానే ఉంది. ఊరంతా మీటింగులో ఉన్నప్పుడు ఎవరో వచ్చి పాతి వెళ్లారు.

“ఏందిరా ఇది? ఇందాకేగా నేను చెప్పింది?” అంది అత్త. ఆమె ఒక రాయిని కాలితో నెట్టి చూసింది. చానా లోతుగా పాతినట్టున్నారు, కదల్లేదు.

అనుమతి వచ్చింది. ప్రజలు కొన్ని సూచనలతో సమ్మతించారని అందులో రాశారట. ఆ సూచనల్లో ఒకటి మాత్రం తు.చ. తప్పకుండా అమలైంది. రోజూ మధ్యాహ్నం అన్నాల వేళకి సైరన్ మోగేది. కాకులు గుంపుగా లేచిపోయేవి. గేదె పలుపు తెంచుకునేది. ఆ వెనకే, నేల కింద ఎవరో తలుపు బాదుతున్నట్టు దడదడ. మొదట్లో అత్త “నేనడిగితేనే పెట్టించారు” అని గర్వంగా చెప్పుకునేది. వంటింటి గోడ నెర్రెలిచ్చాక ఆ మాట మానేసింది. తర్వాత బావి ఎండింది, మిరప తోట నిలువునా వాడింది. చివరికి చేను క్వారీవాళ్లకే ఇచ్చేసి, నరసరావుపేటలో మా వీధిలోనే అద్దెకి దిగింది.

ఇక్కడ ఏ సైరనూ లేదు. అయినా మధ్యాహ్నం అన్నం కలుపుతూ కలుపుతూ చెయ్యి ఆపేది. పళ్లెం ఒడిసిపట్టుకుని, చెవి రిక్కించి, “ఇంకా మోగలేదేందిరా?” అనేది.

ఆమె పోవడానికి కొద్దికాలం ముందు ఎలక్షన్లొచ్చాయి. వద్దన్నా వినకపోతే ఆటోలో తీసుకెళ్లాను. వేలికి సిరాతో బయటికొచ్చి, “అడిగారుగా, చెప్పి వచ్చా” అంది. ఆ గొంతులో ఉన్నది నమ్మకమో వెటకారమో నేనిప్పటికీ తేల్చుకోలేదు. ఆ మీటింగు రోజున మేమంతా రేపటి గురించే మాట్లాడుతున్నామనుకున్నాం. మా వంతు వచ్చేసరికే అది నిన్నటిదైపోయిందని తెలియడానికి నాకిన్నేళ్లు పట్టింది.