బీరువా వెనక నిమ్ము

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వానాకాలం. చిక్కడపల్లి మార్కెట్ వెనక గల్లీలో సుగుణమ్మగారి ఇంటికి నేనూ మా ఆయనా రంగులు వేయడానికి వెళ్లాం. మేం రాంనగర్‌లో ఉంటాం. గోడ గీకడం, లప్పం పెట్టడం నా పని. లప్పం అంటే గోడ నున్నగా రావడానికి పూసే పుట్టీ. రోలర్ ఆయనది. ఇన్నేళ్లలో ఎన్నో గోడలు చూశాను గానీ, ఆ ఒక్క గోడ గుర్తొస్తే ఇప్పటికీ నాకు హుషారు పుడుతుంది.

లోపలి గదిలో అడుగు పెట్టగానే తడి గోనెసంచి వాసన. నైరుతి మూలలో ఇనుప బీరువా. దాని పక్కల నుంచి నల్లటి బూజు చుక్కలు పైకి పాకుతున్నాయి.

"జర జల్ది కానియ్యి యాదమ్మా," అంది సుగుణమ్మగారు. "నెలాఖరుకు నా బిడ్డ తొలికాన్పుకు వస్తది. దానికి ఆయాసం. బూజు పట్టిన రూములో పండొద్దని డాక్టరమ్మ చెప్పింది. గట్లుంటే కాన్పు మా ఇంట్లనే అంటున్నది వాళ్ల అత్త."

మా ఆయన రంగు డబ్బా మూత తీయబోయాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"పోయినసారి రంగేసినప్పుడు బీరువా జరిపిండ్రా అమ్మా?"

"నైరుతిల బీరువా ఎట్ల జరుపుతరే! వాస్తు చెడిపోదా?"

నాకు విషయం అర్థమైంది. చుట్టూ రంగు వేశారు, వెనక బూజును అలాగే ఉంచారు. ఎంత చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. చివరికి వాళ్ల పంతులుగారికే ఫోన్ కలిపింది. స్పీకర్‌లో ఆయన నవ్వు వినబడింది. "మూల మారకుంటే చాలు తల్లీ. గోడకు అతుక్కోని ఉండాలని నేనెప్పుడన్న చెప్పిన్నా?"

బీరువా జరిపితే, గోడ నల్ల మఖమల్ గుడ్డలా ఉంది. పొడి చీపురు పెడితే ఆ బూజు ఇల్లంతా ఎగురుతుంది. అందుకే కిటికీలు తెరిచి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, సబ్బునీళ్లతో తడిపి తుడిచాం. తర్వాత గోడకు ఒక ప్లాస్టిక్ కవరు పరిచి నాలుగు వైపులా టేపు అంటించాను. కవరు కింద గోడవైపు చెమట పడితే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. పైన గదివైపు పడితే గదిలో గాలి ఆడటం లేదన్నట్టు.

మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే కవరు కింద ముత్యాల్లా నీటిబొట్లు!

"నీళ్లు బయటి నుంచే వస్తున్నయమ్మా!" అని అరిచేశాను.

బయట చూద్దామంటే ఆ గోడకూ పక్కింటికీ మధ్య చిన్న సందు. మా ఆయన అడ్డంగా దూరబోయాడు. పొట్ట దగ్గర ఆగిపోయాడు.

"ఇంకింత బిర్యానీ తిను," అన్నాను.

"మాటలు బంద్ చేసి నువ్వే పోరాదు!"

కొంగు దోపుకుని నేనే దూరాను. వీపుకు ఒక గోడ, ముక్కుకు ఒక గోడ. డాబా మీద నుంచి వాననీటి పైపులో బకెట్ నీళ్లు పోయమని కేకేశాను. సుగుణమ్మగారు పోసింది. పైపు వంపు దగ్గర జాయింటు విరిగి ఉంది. నీళ్లన్నీ గోడ పగుల్లోకి, మిగిలినవి నా నెత్తి మీదికి!

"దొరికింది! దొరికిందమ్మా!"

"ఆగు, ఇంకో బకెట్ పోస్తున్న!"

"వద్దమ్మా, సచ్చిపోత!"

జాయింటు మార్పించి పగులు మూయించాక, లోపల చెడిన లప్పమంతా గీకేసి గోడను వదిలేశాం. ఫ్యాను ఆగలేదు, కిటికీ మూయలేదు. నెలాఖరు దగ్గరపడుతుంటే సుగుణమ్మగారికి పరేషాన్. "ఇంకా రంగెయ్యరేందే? వాళ్ల అత్త రోజూ అడుగుతున్నది."

"తడి మీద రంగేస్తే మళ్ల నల్లగనే అయితదమ్మా."

గోడ ఆరినట్టు అనిపించాక కొత్త కవరు అంటించాను. ఆ రాత్రే కుండపోత. పొద్దున రాంనగర్ నుంచి నీళ్లు నిలిచిన రోడ్ల మీద నడుచుకుంటూ వెళ్లాం. ముగ్గురం గోడ ముందు నిలబడ్డాం. నేను టేపు ఒక్కో వైపే లాగాను.

ఎండిన గోడ. కవరు మీద ఒక్క బొట్టు లేదు.

సుగుణమ్మగారు నన్ను పట్టుకుని ఊపేసింది. అక్కడికక్కడే ఫోన్ తీసింది. "శ్రావణీ, బట్టలు సదురుకో బిడ్డా! ముందటి రూముల పండుకుందువు, రంగు వాసన పోయినంక నీ రూమే!"

అప్పుడు ప్రైమరూ రంగూ వేశాం. బీరువా తిరిగి నైరుతికే వెళ్లింది, కాకపోతే గోడకు జానెడు ఎడంగా.

అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్లినా, ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతుకుతాను. ఆ తర్వాతే బ్రష్షు. మొన్న వానల్లో సుగుణమ్మగారే ఫోన్ చేసింది.

"నా మనుమడు రోజూ బంతిని బీరువా ఎనకకే ఏస్తడే. తీసి తీసి చెయ్యి గుంజుతున్నది."

"చేతికి తడి తగుల్తున్నదా అమ్మా?"

"ఏడిది! వట్టి దుమ్మే," అంది, నవ్వుతూ.